పాత సైనిక ఫొటోల్లోని ఆయుధాలనూ సంకేత పరికరాలనూ గుర్తుపట్టడం ఎలా?

బెంగళూరులో హలసూరు చెరువు పక్కనే మద్రాస్ సాపర్ల, అంటే సైన్యంలోని ఇంజినీరు దళం వారి కేంద్రం ఉంది. 1780లో ఏర్పడిన ఆ దళంలో తరతరాలుగా తెలుగువారు పనిచేశారు. చిత్తూరు, నెల్లూరు, గుంటూరు, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చి చేరినవారిలో కొందరు పింఛను తీసుకున్నాక ఇక్కడే స్థిరపడ్డారు. అందుకే ఈ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో, ఇనప్పెట్టెల అడుగున, గోడమీది అద్దాల చట్రాల వెనక, సైనిక దుస్తుల్లో ఉన్న తాతలూ ముత్తాతలూ ఇంకా కనిపిస్తూ ఉంటారు. వాళ్ల పేర్లు కొన్నిసార్లు తెలుస్తాయి, చాలాసార్లు తెలియవు. ఆ ఫొటో ఎప్పటిదో, ఎక్కడిదో, అందులో ఉన్నది ఎవరో తేల్చడానికి మిగిలే ఆధారాల్లో వాళ్ల చేతిలో ఉన్న వస్తువు చాలా గట్టిది.

కొన్నేళ్లుగా నేను తెలిసినవారి కోసం ఇలాంటి ఫొటోలు చూసిపెడుతున్నాను. ఈ మార్గదర్శి ఆ అనుభవం నుంచి రాసింది. మాటిమాటికీ ఉదాహరణగా చెప్పడానికి ఒక ఫొటోను ఎంచుకున్నాను. హలసూరులో ఉండే ఒక పెద్దావిడ దాన్ని నా దగ్గరికి తెచ్చారు. "మా తాతగారు మెసపటోమియా యుద్ధానికి వెళ్లినప్పటిది బాబూ, చెవులకు టెలిఫోను పెట్టుకున్నాడు చూడు, సిగ్నల్స్‌లో పనిచేసేవాడట" అన్నారు. మెసపటోమియా అంటే ఇప్పటి ఇరాక్, అక్కడి యుద్ధం మొదటి ప్రపంచ యుద్ధకాలపుది. పోస్టుకార్డు సైజు ఫొటో అది. తొమ్మిదిమంది మనుషులు, అయిదు తుపాకులు, ముందు నేలమీద ఒక మెషిన్‌గన్, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని చేతిలో పొడవైన కర్ర పట్టుకున్న ఒక యువకుడు. ఆవిడ చెప్పిన మాటలో ఎంత నిజముందో చివరికి ఆ వస్తువులే చెప్పాయి.

మొదటి పని: ఫొటోకు హాని చేయకుండా చూడటం

చేతులు శుభ్రంగా కడిగి, తడి లేకుండా తుడుచుకుని, ఫొటోను అంచుల దగ్గర మాత్రమే పట్టుకోవాలి. చట్రంలోని అద్దానికి ఫొటో అంటుకుపోయి ఉంటే ఊడదీసే ప్రయత్నం అసలు చేయకండి, ఎందుకంటే బొమ్మ ఉన్న పొర అద్దంతోపాటే లేచిపోతుంది. అలాంటప్పుడు అద్దం మీదుగానే, కాంతి ఎదురు కొట్టకుండా పక్క నుంచి వెలుతురు పడేలా కెమెరాతో తీసుకోవాలి. విడిగా ఉన్న ఫొటోను కనీసం 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అనే కొలత) దగ్గర, చిన్నదైతే 1200 డీపీఐ దగ్గర స్కాన్ చేసి, కుదించని టిఫ్ ఫైలుగా దాచుకోండి. వెనక వైపును కూడా తప్పకుండా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, పెన్సిలు రాత, పోస్టుకార్డు గీతలు అన్నీ అక్కడే ఉంటాయి.

పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కుంటే మంచిది. దానితో చూసినప్పుడు బొమ్మ అంతా వరుస చుక్కలుగా విడిపోతే అది అసలు ఫొటో కాదు, పుస్తకం నుంచో పత్రిక నుంచో కత్తిరించిన అచ్చు. అలాంటిదైతే మీ తాతగారి ఫొటో అనుకుంటున్నది వేరే ఎవరిదో కావచ్చు.

ఇక్కడే ఒక గట్టి హెచ్చరిక చెప్పాలి. మసక ఫొటోలను పదును చేసి చూపే కృత్రిమ మేధ యాప్‌లు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. అవి లేని వివరాన్ని ఊహించి గీస్తాయి. మసకగా ఉన్న తుపాకి మూతి దగ్గర ఏ భాగం ఉండాలో ఆ యాప్‌కు తెలియదు, తనకు తోచిన ఆకారాన్ని అక్కడ నింపుతుంది. గుర్తింపు అంతా ఆ అంగుళం మేర వివరం మీదే ఆధారపడినప్పుడు ఆ బొమ్మను నమ్మి చెప్పే తీర్పు తప్పకుండా తప్పుదారి పడుతుంది. వెలుతురు, కాంట్రాస్టు మార్చి చూసుకోవచ్చు, అంతకుమించి వద్దు.

రెండో పని: ఎడమ, కుడి తేల్చుకోవడం

నెగటివ్‌ను తిరగేసి ముద్రించిన ఫొటోలు మనం అనుకునేదానికన్నా ఎక్కువే ఉన్నాయి. 19వ శతాబ్దంలో నేరుగా గాజుపలక మీదో రేకు మీదో తీసిన చిత్రాలు మామూలుగానే అద్దంలో చూసినట్టు తారుమారుగా ఉంటాయి. అందువల్ల ఆయుధం జోలికి వెళ్లకముందే దుస్తులను చూడాలి. మగవారి కోటు ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది. పతకాలు ఎడమ రొమ్ము మీద ఉంటాయి. బాయొనెట్ (తుపాకి మూతికి తగిలించే అలుగు) ఒర, కత్తి ఎడమ తుంటి పక్కన వేలాడతాయి. ఆ తర్వాత తుపాకి. లీ ఎన్‌ఫీల్డ్ రకం తుపాకులన్నిటికీ బోల్టు పిడి కుడి పక్కనే ఉంటుంది, సిపాయి ఎడమచేతివాటం వాడైనా అది మారదు. స్టెన్‌గన్, స్టెర్లింగ్ వంటి వాటికి మ్యాగజీను (తూటాల పెట్టె) ఎడమ పక్కకు పొడుచుకువస్తుంది. ఈ గుర్తుల్లో మూడు ఒకే దిక్కున తారుమారైతే ఫొటోను తిప్పి చూసుకుని అప్పుడు పని మొదలుపెట్టండి.

రంగుల విషయంలో పాత ఫిల్ము చేసే మోసం

దీనికి ప్రత్యేకంగా చోటివ్వడానికి కారణం ఉంది. సంకేత జెండాలను, పతకాల రిబ్బన్లను, తలపాగా చారలను గుర్తించడంలో జరిగే పొరపాట్లు చాలావరకు ఇక్కడే పుడతాయి. తొలినాటి ఫొటో పలకలకు నీలి కాంతి మాత్రమే బాగా తెలిసేది. తర్వాత వచ్చిన ఆర్థోక్రొమాటిక్ పలకలు పచ్చదనాన్ని కూడా పట్టుకున్నా ఎరుపును పట్టుకోలేదు. అన్ని రంగులకూ స్పందించే పాంక్రొమాటిక్ పలకలు 1906 నుంచి అమ్మకానికి వచ్చినా మామూలు స్టూడియోల్లో పాత రకమే ఇంకా చాలా ఏళ్లు నడిచింది. దీని ఫలితంగా ఆ ఫొటోల్లో నీలం దాదాపు తెల్లగా వెలిసిపోతుంది, ఎరుపు నల్లగా మారుతుంది, ఖాకీ అసలుకన్నా ముదురుగా కనిపిస్తుంది. ఆకాశంలో మబ్బులే లేకుండా తెల్ల కాగితంలా ఉందంటే, ఎరుపు ముక్కలు ఉండాల్సిన చోట నలుపు ఉందంటే, అది అలాంటి పలక అని అనుమానించాలి. ఆ ఫొటోలో కనిపించే 'తెల్ల జెండా' నిజానికి ముదురు నీలం జెండా అయి ఉండవచ్చు.

తుపాకి: మూతి నుంచి మడమ దాకా చదవడం

పేరు పెట్టే తొందరే గుర్తింపుకు మొదటి శత్రువు. ముందుగా ఒక కాగితం మీద కంటికి కనిపించేది మాత్రమే రాయండి. తుపాకి పక్కన బయటికి కనిపించే సుత్తి ఉందా? ట్రిగ్గర్ వెనక కిందికి వేలాడే ఇనుప మీట ఉందా? ట్రిగ్గర్ ముందు మ్యాగజీను పెట్టె ఉందా? గొట్టాన్ని చెక్కకు బిగించే పట్టీలు ఎన్ని? చెక్క ఎక్కడ ఆగిపోయింది, గొట్టం దాన్ని దాటి ఎంత బయటికి వచ్చింది? ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు దొరికితే 1850 నుంచి 1960 దాకా మన సిపాయిల చేతుల్లో కనిపించే తుపాకుల్లో చాలావాటిని వేరు చేయవచ్చు.

బయటికి సుత్తి ఉండి, మూడు పట్టీలు ఉండి, మనిషి భుజం దాకా వచ్చేంత పొడవుంటే అది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ కుటుంబానికి చెందినది. దాని పొడవు దాదాపు 140 సెంటీమీటర్లు. 1857లో కొవ్వు పూసిన తూటాల గొడవ వచ్చింది ఈ తుపాకి గురించే. 1866 నుంచి దాన్నే మార్చి వెనక నుంచి తూటా పెట్టేలా స్నైడర్ తుపాకిని చేశారు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. సుత్తి కింద పక్కకు తెరుచుకునే దిమ్మ స్పష్టంగా కనిపిస్తేనే స్నైడర్ అనండి, లేకపోతే 'ఎన్‌ఫీల్డ్ లేదా స్నైడర్' అని రాసి ఊరుకోండి. అలా రాయడం లోపమేమీ కాదు. ఒక్క పట్టీ కూడా లేకుండా, గొట్టం చెక్కలోకి మేకులతో బిగించినట్టు నున్నగా ఉంటే అది అంతకన్నా పాతదైన, బ్రౌన్‌బెస్ అని పేరుపడ్డ మస్కెట్ రకం.

సుత్తి లేకుండా, మ్యాగజీను లేకుండా, ట్రిగ్గర్ వెనక నుంచి మీట చేతిపట్టు కిందుగా వంగి ఉంటే అది 1871లో వచ్చిన మార్టినీ హెన్రీ. దీన్ని గుర్తుపట్టడం అన్నిటికన్నా సులువు.

ట్రిగ్గర్ ముందు మ్యాగజీను పెట్టె కనిపించిందంటే లీ మెట్‌ఫర్డ్, లీ ఎన్‌ఫీల్డ్ కాలంలోకి, అంటే 1888 తర్వాతి కాలంలోకి వచ్చినట్టే. ఇక్కడ చూపు మూతి మీద నిలపాలి. చెక్క ముందే ఆగిపోయి సన్నని గొట్టం జానెడుకు కాస్త తక్కువగా బయటికి వచ్చి ఉంటే అది పొడుగు లీ రకం. చెక్క చివరి దాకా వచ్చి, ముక్కు కోసేసినట్టు మొండిగా ముగిసి, గురిచూసే ముల్లుకు రెండు పక్కలా చెవుల్లాంటి రేకులు ఉంటే అది 1903లో మొదలైన పొట్టి లీ ఎన్‌ఫీల్డ్. 1907లో వచ్చిన మూడో మార్కు తుపాకిని బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం దశాబ్దాల పాటు తయారుచేసింది. మన తెలుగు ఇళ్లలోని సైనిక ఫొటోల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే. దీని పొడవు 113 సెంటీమీటర్లు. గొట్టం చెక్కను దాటి రెండుమూడు వేళ్లంత బయటికి వచ్చి, వెనకవైపు గురిచూసే రంధ్రం కంటికి దగ్గరగా ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధపు నాలుగో నంబరు తుపాకి.

బాయొనెట్ కూడా కాలం చెబుతుంది, కానీ జాగ్రత్త అవసరం. 1907 నమూనా బాయొనెట్ అలుగు 43 సెంటీమీటర్లు. తొలి రోజుల్లో దాని పిడి దగ్గర కిందికి వంగిన కొక్కెం ఉండేది, 1913లో తీసేశారు. ఫొటోలో తుపాకి పొడవునూ అలుగు పొడవునూ పిక్సెళ్లలో కొలిచి భాగించండి. తుపాకి కెమెరాకు అడ్డంగా ఉండి నిష్పత్తి 0.38 దగ్గరగా వస్తే పొడుగు బాయొనెట్, 0.27 దగ్గరగా వస్తే పొట్టిది. పొట్టిది కాబట్టి రెండో యుద్ధకాలంలో మన దేశంలో చేసినదే అని తేల్చేయకూడదు. అంతకుముందే 1903 నమూనా కూడా అంతే పొడవుతో ఉండేది. దాని అలుగుకు రెండు పక్కలా పదును ఉండి మొన సరిగ్గా మధ్యకు వస్తుంది. యుద్ధకాలపు పొట్టి బాయొనెట్‌కు పదును ఒకే వైపు. ఒరలో ఉంటే ఈ తేడా కనిపించదు కనుక అప్పుడు ప్రశ్నను తెరిచే ఉంచాలి.

స్వాతంత్ర్యం తర్వాత ఫొటోలకు వేరే కొలత ఉంది. 1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు కూడా మన సిపాయిల చేతిలో ప్రధానంగా పాయింట్ 303 తుపాకే, అంటే లీ ఎన్‌ఫీల్డే ఉంది. దాని తర్వాత సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ వచ్చింది. విడి చేతిపిడి, కిందికి పొడుచుకొచ్చే 20 తూటాల మ్యాగజీను, మోసుకుపోవడానికి పైన పిడి దాని గుర్తులు. 1971 యుద్ధపు ఫొటోల్లో అదే కనిపిస్తుంది. పొట్టి లీ ఎన్‌ఫీల్డ్‌లాగే ఉండి మ్యాగజీను మాత్రం నలుచదరంగా, మూల తేలి కనిపిస్తే అది 7.62 మిల్లీమీటర్ల తూటా కోసం ఇషాపూర్‌లో 1960లలో చేసిన రూపాంతరం.

పోలీసుల ఫొటోల విషయంలో ఒక మాట. లీ ఎన్‌ఫీల్డ్‌లను ఒక్కొక్క తూటా మాత్రమే పెట్టుకునే పాయింట్ 410 మస్కెట్లుగా మార్చి పోలీసులకూ జైలు కాపలాదారులకూ ఇచ్చారు. వాటి బయటి రూపం సైనిక తుపాకిదే. కనుక తుపాకిని బట్టి మనిషి సిపాయి అని నిర్ణయించకూడదు, టోపీ బిళ్లా భుజపు అక్షరాలూ చూడాలి.

మెషిన్‌గన్లు, ఫిరంగులు

పైన గుండ్రని పళ్లెం లాంటి మ్యాగజీను, లావైన గొట్టపు తొడుగు ఉంటే లూయిస్ గన్. మూడుకాళ్ల స్టాండు మీద లావైన నీటి తొడుగు, దాని నుంచి డబ్బాలోకి పోయే రబ్బరు గొట్టం, పక్కన గుడ్డ పట్టీలో గుచ్చిన తూటాలు ఉంటే వికర్స్ లేదా దానికి ముందటి మాగ్జిమ్. అశ్వికదళం ఫొటోలో తూటాలను ఇనుప రేకు మీద వరుసగా పేర్చి పక్క నుంచి దూర్చే సన్నని గన్ కనిపిస్తే హాచ్‌కిస్. 1918 సెప్టెంబరు 23న హైఫాలో పోరాడిన మైసూరు లాన్సర్ల స్మారకం ఇదే బెంగళూరులో ఉంది, కనుక ఇక్కడి ఇళ్లలో గుర్రపు దళం ఫొటో దొరకడం అరుదేమీ కాదు.

మ్యాగజీను పైన ఉండి వంపు తిరిగి ఉంటే అందరూ బ్రెన్‌గన్ అంటారు. నేనూ ఒకసారి అలాగే చెప్పి ఒక కుటుంబానికి తప్పు సంవత్సరం రాసిచ్చాను. ఆ తప్పు దిద్దడానికి మళ్లీ వాళ్ల ఇంటికి వెళ్లవలసి వచ్చింది. భారత సైన్యం 1930ల తొలి సంవత్సరాల్లోనే వికర్స్ బెర్తియర్ అనే గన్‌ను తీసుకుని ఇషాపూర్‌లో చేయించింది. దానికీ పైన వంపు మ్యాగజీనే. తేడా పిడిలో ఉంది. వికర్స్ బెర్తియర్‌కు పట్టుకునే చోటు రైఫిలుకు లాగా వెనక చెక్కలోనే కలిసి ఉంటుంది. బ్రెన్‌కు చేతిపిడి ట్రిగ్గర్ వెనక విడిగా కిందికి దిగుతుంది. బ్రెన్ 1938 నుంచి బ్రిటిష్ దళాలకు అందింది. హలసూరు ఫొటోలో నేలమీద ఉన్న గన్‌కు విడి పిడి ఉంది. మెసపటోమియా కథ అక్కడే బలహీనపడింది.

ఫిరంగుల గురించి ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను. గొట్టం పైన మరో గొట్టం, చెక్క చువ్వల చక్రాలు ఉంటే 1904లో వచ్చిన 18 పౌండర్ అయ్యే అవకాశం ఎక్కువ. చక్రాల కింద గుండ్రని ఇనుప పీఠం ఉంటే అది 25 పౌండర్. కంచరగాడిదల మీద ముక్కలుగా విప్పి మోస్తున్నది కొండ ఫిరంగి.

సంకేత పరికరాలు

ఇక్కడ పొరపాట్లు ఎక్కువ, ఎందుకంటే తుపాకి ఎలా ఉంటుందో అందరికీ కొంత తెలుసు గానీ హీలియోగ్రాఫ్ చూసినవారు ఇప్పుడు దాదాపు లేరు. చిన్న గుండ్రని అద్దాన్ని మూడుకాళ్ల స్టాండు మీద నిలిపి, సూర్యకాంతిని దూరాన ఉన్నవారి మీదికి తిప్పి, మీటను నొక్కుతూ మోర్స్ భాషలో (చుక్కలూ గీతలతో అక్షరాలు చెప్పే పద్ధతి) మెరుపులుగా పంపే సాధనం అది. హెన్రీ మాన్స్ అనే ఇంజినీరు 1869లో కరాచీలో దాన్ని రూపొందించాడు. సైన్యంలో వాడిన మామూలు రకానికి అద్దం వెడల్పు 5 అంగుళాలు. నిర్మలమైన వాతావరణంలో 50 కిలోమీటర్ల దాకా సందేశం అందేది. సూర్యుడు వెనక ఉన్నప్పుడు వెలుగును ముందుకు మళ్లించడానికి రెండో అద్దాన్ని తగిలిస్తారు. అందువల్ల ఫొటోలో ఒకే స్టాండు మీద రెండు గుండ్రని బిళ్లలు కనిపించవచ్చు.

అద్దం మధ్యలో పూత లేని చిన్న చుక్క, వెనక చిన్న మీట కనిపిస్తే సందేహం లేదు. అవి కనిపించకపోతే నీడలను చూడండి. హీలియోగ్రాఫ్ ఎండ ఉంటేనే పనిచేస్తుంది. నీడలే లేని మబ్బు రోజున, లేదా స్టూడియో తెర ముందు అది ఉందంటే వాళ్లు సందేశం పంపడం లేదు, ఫొటో కోసం నిలబడ్డారు.

మూడుకాళ్ల స్టాండు కనిపించగానే హీలియోగ్రాఫ్ అనుకోవడం కూడా ప్రమాదమే. సాపర్లు ఇంజినీర్లు, వాళ్ల ఫొటోల్లో సర్వే చేసే థియొడొలైట్, లెవెల్ యంత్రం సహజంగా ఉంటాయి. వాటికి అడ్డంగా దుర్బిణి గొట్టం ఉంటుంది, చేతిలో గీతల కర్ర పట్టుకున్న మనిషి కూడా దగ్గరలోనే ఉంటాడు. మనిషి చాచిన చేతులంత పొడవుకు దగ్గరగా అడ్డంగా సన్నని గొట్టం ఉండి, రెండు చివర్లా కిటికీలు, మధ్యలో కన్ను పెట్టే చోటు ఉంటే అది దూరం కొలిచే రేంజ్ ఫైండర్, సంకేత పరికరం కాదు.

జెండాల్లో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒక్క జెండాను చిన్న ఊపు, పెద్ద ఊపుగా కదిపి మోర్స్ పంపడం ఒకటి. రెండు చేతుల్లో రెండు జెండాలు పట్టుకుని చేతుల కోణంతో అక్షరాలు చెప్పే సెమాఫోర్ మరొకటి. మోర్స్ జెండాల్లో పెద్దది మూడడుగుల చదరం, చిన్నది రెండడుగుల చదరం. వెనక దృశ్యం ముదురుగా ఉంటే నీలి చార ఉన్న తెల్ల జెండాను, లేత ఆకాశం ముందైతే ముదురు నీలం జెండాను వాడేవారు. పాత పలక మీద నీలి చార తెలుపులో కలిసిపోయి మాయమవుతుందని పైన చెప్పిన సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. సెమాఫోర్ చేస్తున్న మనిషి చేతుల కోణాన్ని బట్టి ఏ అక్షరమో చదివే ప్రయత్నం చేయవచ్చు గానీ, ముందు ఫొటో తిరగబడలేదని నిర్ధారించుకోవాలి.

రాత్రి సంకేతాలకు దీపాలు ఉండేవి. 1880ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా కిరోసిన్‌తో వెలిగే బెగ్బీ దీపం వాడారు. చిన్న పెట్టెకు ముందు కటకం, పైన పొగ పోయే గొట్టం దాని గుర్తులు. ఆ యుద్ధకాలంలోనే బ్యాటరీతో నడిచే లూకాస్ దీపం వచ్చింది. పొగగొట్టం ఉండదు, దీపం నుంచి పెట్టెకు తీగ పోతుంది. ఓడ మీద చేతిలో పట్టుకుని ట్రిగ్గర్ నొక్కేది ఆల్డిస్ దీపం.

టెలిఫోన్, వైర్‌లెస్ పెట్టెలకు పేరు పెట్టడంలో నిదానం అవసరం. తోలు లేదా చెక్క పెట్టె, దాన్నుంచి తీగలు నేల మీదుగా పోవడం, పక్కన తీగ చుట్టిన డ్రమ్ము కనిపిస్తే అది ఫీల్డ్ టెలిఫోన్ బృందం. తీగకు బదులు నిలువు కడ్డీ ఏరియల్ కనిపిస్తే వైర్‌లెస్. వీపు మీద నిలువుగా మోసే పెట్టె 1940 నాటి 18వ నంబరు సెట్ కావచ్చు, రొమ్ము మీద తగిలించుకునే చిన్నది 38వ నంబరు. ట్యాంకుల్లోనూ వాహనాల్లోనూ ఉండే వెడల్పాటి 19వ నంబరు సెట్ ముఖపలక మీద ఇంగ్లీషు అక్షరాలతోపాటు రష్యన్ అక్షరాలు కనిపిస్తే కంగారుపడకండి. కెనడాలో, అమెరికాలో చేసిన సెట్లను సోవియట్ సైన్యానికి కూడా పంపారు గనుక రెండు భాషల్లోనూ చెక్కారు. అది రష్యాలో తీసిన ఫొటో అనడానికి ఆధారం కాదు. ఒకడు పీట మీద కూర్చుని రెండు చేతులా పిడి తిప్పుతూ ఉంటే అతను వైర్‌లెస్‌కు కరెంటు పుట్టిస్తున్నాడు. పెట్టె మీద బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) అక్షరాలు ఉంటే ఫొటో స్వతంత్ర భారతదేశానిది. ఆ సంస్థ 1954లో ఈ బెంగళూరు జాలహళ్లిలోనే మొదలైంది.

పరికరం స్పష్టంగా లేనప్పుడు మనిషి చొక్కా చేతిని చూడండి. ఒకదానిపై ఒకటి అడ్డంగా పెట్టిన రెండు జెండాల బిళ్ల ఉంటే అతను శిక్షణ పొందిన సిగ్నలర్. అదే చోట అడ్డంగా రెండు తుపాకులుంటే గురి తప్పని షూటర్.

హలసూరు ఫొటోలోని యువకుడి చేతి మీద జెండాల బిళ్ల లేదు. చెవుల హెడ్‌ఫోన్ నుంచి వచ్చిన తీగ ఏ పెట్టె దగ్గరికి పోయిందా అని 1200 డీపీఐ స్కాన్‌లో వెతికితే, అది వీపున ఉన్న సంచిలోకి పోయి, మళ్లీ బయటికి వచ్చి చేతిలోని కర్ర వెంట కిందికి దిగింది. కర్ర చివర నేలకు సమాంతరంగా ఒక చదునైన పళ్లెం ఉంది. అది మందుపాతరలను వెతికే డిటెక్టర్. ఆ రకం పోలండ్ ఇంజినీరు యోజెఫ్ కొసాట్‌స్కీ 1941లో రూపొందించినది, 1942లో ఈజిప్టులోని ఎల్ అలమీన్ యుద్ధంలో పెద్ద సంఖ్యలో వాడారు. చెవులకు హెడ్‌ఫోన్ ఉన్న ప్రతివాడూ సిగ్నలర్ కాడని ఈ ఒక్క ఫొటో నాకు నేర్పింది.

సాపర్ల ఫొటోల్లో ఇలాంటి మరో వస్తువు కూడా ఉంది. మనిషి ఎత్తుకు కాస్త తక్కువ పొడవున్న ఇనుప గొట్టాలను కట్టలుగా మోస్తుంటే నీళ్ల పైపులు అనుకుంటాం. ఒక చివర నున్నని మొద్దు ముక్కు ఉంటే అది బెంగళూరు టార్పెడో అయి ఉండవచ్చు. ముళ్లకంచెల కిందికి దూర్చి పేల్చడానికి మద్రాస్ సాపర్ల అధికారి కెప్టెన్ మెక్లింటాక్ 1912లో ఈ ఊళ్లోనే దాన్ని తయారుచేశాడు. ఈ ఊరి పేరు ప్రపంచంలోని సైన్యాలన్నిటికీ ఆ పేరుతోనే తెలుసు.

ఆయుధం నుంచి సంవత్సరానికి రావడం

ఆయుధం చెప్పేది 'దీనికి ముందు కాదు' అనే మాట ఒక్కటే. 'దీని తర్వాత కాదు' అని అది ఎప్పుడూ చెప్పదు. 1857 తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం భారతీయ దళాల చేతిలో ఒక తరం వెనకటి తుపాకులనే ఉంచింది. 1914లో మన దళాలు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగాకే కొత్త మూడో మార్కు తుపాకులు అందుకున్నాయి. ఇక స్టూడియో ఫొటోలో ఉన్న ఆయుధం ఆ మనిషిది కాకుండా స్టూడియోవాళ్ల సామాను కూడా కావచ్చు. అందువల్ల ఫొటోలో ఉన్న అన్ని వస్తువుల్లోకీ అన్నిటికన్నా కొత్తదేదో వెతికి, దాన్ని బట్టి తొలి సంవత్సరం నిర్ణయించాలి.

మరో గట్టుకు, అంటే 'దీని తర్వాత కాదు' అనడానికి, వేరే గుర్తులు కావాలి. టోపీ బిళ్ల మీద కిరీటం ఉంటే స్వాతంత్ర్యానికి పూర్వపుది, లేదా ఆ తర్వాతి రెండుమూడేళ్లది. మూడు సింహాలు ఉంటే 1950 తర్వాతిది. రొమ్ముకు రెండు పక్కలా పెద్ద గుడ్డ సంచులు ఉంటే 1937 నమూనా పట్టీలు, భుజం మీదుగా ఏటవాలుగా తోలు తూటాపట్టీ ఉంటే దానికి ముందటి కాలం. చేతి మీద చారలు మూడైతే హవల్దారు, రెండైతే నాయక్, ఒకటైతే లాన్స్ నాయక్. సర్వీసు కాగితాల్లోని పదోన్నతి తేదీతో వాటిని కలిపి చూస్తే సంవత్సరం ఇంకా దగ్గరపడుతుంది.

పోల్చి చూడటానికి అసలు వస్తువులు చూడటం మేలు. చెన్నైలో సెయింట్ జార్జ్ కోటలోని మ్యూజియంలో పాత ఆయుధాలు ఉన్నాయి. బెంగళూరులో మద్రాస్ సాపర్లకు తమ సొంత మ్యూజియం ఉంది, సైనిక ప్రాంగణం కనుక ముందుగా అనుమతి అడగాలి. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం ఫొటోల సేకరణను ఇంట్లో కూర్చునే వెతకవచ్చు. యుద్ధంలో చనిపోయినవారి పేర్లకు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఉంది. అందులో తెలుగు పేర్ల స్పెల్లింగు పలు రకాలుగా ఉంటుంది కాబట్టి దళంలో ఇచ్చిన సర్వీసు నంబరుతో వెతకడం మంచిది. ఫొటోతో పాటు పాత పెట్టెలో తూటాలో, గ్రెనేడ్ లాంటిదో దొరికితే మాత్రం ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి.

చివరి పని: రాసిపెట్టడం

తీర్పును మూడు భాగాలుగా రాయండి. కంటికి కనిపించింది ఒకటి, దాని నుంచి ఊహించింది రెండు, ఇంట్లోవాళ్లు చెప్పింది మూడు. ఈ మూడింటినీ ఒకే వాక్యంలో కలపకండి. తర్వాతి తరంలో ఇంకొకరు మీ ఊహను సరిదిద్దాలంటే ఏది ఊహో ఏది చూసిందో వాళ్లకు విడిగా తెలియాలి. ఫొటో వెనక రాసేటప్పుడు బాల్‌పెన్నూ స్కెచ్‌పెన్నూ వాడకూడదు. మెత్తని పెన్సిలుతో, ఫొటోను గట్టి సమతలం మీద ఉంచి, అంచు దగ్గర తేలికగా రాయాలి.

పెద్దావిడకు నేను చెప్పింది ఇది: గన్ బ్రెన్, పట్టీలు 1937 నమూనా, చేతిలోది మందుపాతరల డిటెక్టర్, కాబట్టి ఫొటో 1942కు ముందుది కాదు, టోపీ మీద కిరీటం ఉంది కాబట్టి 1950 దాటినది కాదు. మెసపటోమియాకు వెళ్లిన తాతగారికి అప్పటికి నలభై దాటి ఉండాలి, ఫొటోలోని మనిషికి పాతికేళ్లు కూడా లేవు. ఆవిడ చాలాసేపు ఆ ముఖాన్నే చూశారు. "అయితే ఈయన మా చిన్నాన్న. ఇటలీ నుంచి తిరిగి రాలేదు. ఆయన ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదనుకున్నాం" అన్నారు. నా పెన్సిలు తీసుకుని వెనక అంచున, మొదటి రెండు భాగాలూ నేను రాసిన దాని కింద, మూడో భాగం తానే రాశారు.